పెట్టె మీద పేరు

మేడ మీద గది,
మీటర్ల ఆఫీసు వెనక వీధి,
నవంబరు 12.

చిరంజీవి మరదలికి,

నువ్వు పంపిన పార్సిలు నిన్న చేరింది. విప్పి చూసి అరగంట నవ్వుకున్నాను. పిడికిలంత కేకు, దాని మీద చక్కెరతో చేసిన నా కళ్లజోడు! కుడివైపు కాడ విరిగితే నేను నల్లదారం చుట్టుకున్నాను కదా, అది కూడా చుట్టి మరీ పెట్టావు. పోయినసారి వచ్చినప్పుడు ఆ దారం ఎవరి కంటా పడలేదనుకున్నాను. కళ్లజోడు తినడానికి మనసొప్పక కేకు మాత్రం తినేసి, దాన్ని సాసర్లో పెట్టి కిటికీలో ఉంచాను. చీమలు కనిపెట్టేదాకా అక్కడే ఉంటుంది.

తమ్ముడు అలిగాడట కదా, ఫోను చేస్తే "ఊ", "సరే", "ఉంటాను" తప్ప అక్క నాలుగో మాట మాట్లాడదని. ఆ యంత్రం చెవికి పెట్టుకుంటే నాకు నోరు పెగలదని వాడికి తెలియదా? ఎదురుగా మనిషి ఉన్నా అంతే. కాగితం ముందు కూర్చుంటేనే నాకు మాటలు వస్తాయి. వచ్చినవన్నీ నీకే రాస్తాను, నువ్వు దొరికావు కాబట్టి.

ఇక్కడ ఎప్పటిలాగే ఉంది. ఊళ్లో తిరగడం మానేసిన నీళ్ల మీటర్లన్నీ బురదతో సహా మా దగ్గరికి వస్తాయి. కడుగుతారు, పళ్లచక్రాలు మారుస్తారు, తొట్టెకు బిగించి పరీక్ష చేస్తారు, సీసంతో సీలు వేస్తారు. నేను నంబరు రిజిస్టరులో ఎక్కిస్తాను. ముప్పై ఒక్క ఏళ్లుగా ఇదే నా పని.

అసలు సంగతికి వస్తాను. అలాంటి కేకులు నాకు ఎనిమిది కావాలి. మా ఆఫీసులో నేను కాక ఎనిమిదిమంది ఉన్నారు కదా, తలా ఒకటి. ఫిబ్రవరి ఆఖరు రోజుకి చేరాలి. ఎందుకని అడక్కు.

ఇట్లు,
నీ వదిన.


వెనక వరండా (ఇప్పుడు దీన్ని కేకుల కార్ఖానా అంటున్నాం),
నవంబరు 21.

వదినగారికి నమస్కారాలు.

"ఎందుకని అడక్కు" అంటే నోరు మూసుకుని ఊరుకునే మరదలు కావాలనుకుంటే మీరు మీ తమ్ముడికి వేరే సంబంధం చూడాల్సింది. ఎందుకు? పెళ్లా? మీదేనా? అయితే మూడంతస్తుల కేకు చేస్తాను గానీ పిడికిలంతవి ఎందుకు వదినా?

సరే, కోపం తెచ్చుకోకండి. ఎనిమిదీ చేస్తాను. కాకపోతే నా పద్ధతి ఒకటుంది, వినండి. నేను ఫోటోలు చూసి చేయను. మొహాలు నాకు చేతకావు కూడా. ఒకసారి ప్రయత్నిస్తే ఎవరి తాతగారో బంగాళాదుంపలా తయారయ్యారు. అందుకని కేకు ఇచ్చేవాళ్లని వరండాలో కూర్చోబెట్టి ఒకటే అడుగుతాను: "ఆ మనిషి గురించి మీరు మాత్రమే చూసిన సంగతి ఏమిటి?" ఒక కేకుకి ఒకే సంగతి. రెండు చెబితే ఒప్పుకోను.

మొన్న మా వీధి క్షవరం షాపాయన వచ్చాడు. పాతికేళ్లుగా తన దగ్గరికి వస్తున్న ఒక పెద్దాయనకి కేకు ఇవ్వాలట. "ఆయన తలమీద మూడు వెంట్రుకలు మిగిలాయండీ. అయినా నెలనెలా వచ్చి కుర్చీలో కూర్చుంటారు. నేనూ అరగంట కత్తెర ఆడిస్తాను, గాల్లోనే" అన్నాడు. కేకు మీద కత్తెర, మూడు వెంట్రుకలు పెట్టి ఇచ్చాను. మర్నాడు ఆ పెద్దాయన కేకు పట్టుకుని మా ఇంటికే వచ్చి, "గాల్లో ఆడిస్తున్నాడని నాకు తెలుసని వాడికి చెప్పకమ్మా" అని బతిమాలి వెళ్లాడు.

నా ప్రశ్నకి జవాబు లేక లేచిపోయినవాళ్లూ ఉన్నారు, పదేళ్లు కాపురం చేసిన మొగుళ్లతో సహా. నా గురించి మీ తమ్ముణ్ని అడిగితే గంటసేపు బుర్ర గోక్కుని, "నువ్వు నిద్రలో కూడా మాట్లాడతావు" అన్నాడు. అది పక్కింటివాళ్లకీ తెలిసిన సంగతే!

మీకు ఆ బాధ లేదనుకోండి. మీ ఉత్తరాల పుణ్యమా అని మీ ఆఫీసువాళ్లు నాకు మా చుట్టాలకన్నా బాగా తెలుసు. కౌంటరులోని ఉరుము తుమ్మిందని మీరు రాస్తే ఇక్కడ మీ తమ్ముడు ఉలిక్కిపడతాడు. పెన్ను దొంగ కులాసాయేనా? ఒక్కొక్కరికి ఒక్కొక్క సంగతి రాసి పంపండి. అలాగే ఆ "ఎందుకు" కూడా.

మీ మరదలు.


మేడ మీద గది,
డిసెంబరు 5.

చిరంజీవి మరదలికి,

నీ ప్రశ్నకి జవాబు రాయడానికి నెల పడుతుందనుకున్నాను. ఆదివారం భోజనం చేసి కూర్చుంటే టీ వేళకి అయిపోయింది. ఒక్కరి దగ్గర కూడా తడుముకోలేదు. నాకే ఆశ్చర్యంగా ఉంది.

ఉరుము: కౌంటరులో కూర్చునే ఆవిడ. నోరు తెరిస్తే వీధి చివర కుక్కలు లేచి నిలబడతాయి. ఎవరూ లేరనుకున్నప్పుడు మాత్రం వినీ వినబడకుండా పాడుకుంటుంది. ఆ గొంతు చాలా మెత్తగా ఉంటుంది. ఆవిడకి ఒక చిన్న పిట్ట పెట్టు.

స్వెట్టర్: మీటర్లు పరీక్ష చేసే ఆయన. ఎండాకాలంలో కూడా అదే నీలం స్వెట్టరు. మోచేతి దగ్గర ఎర్ర గుడ్డ అతుకు ఉంది. కుట్లు వంకరటింకర, ఏ చిన్నపిల్లో వేసినట్టు. కూతురే అయ్యుంటుంది. రోజుకి పదిసార్లైనా దాన్ని తడుముకుంటాడు. అందుకే ఆ స్వెట్టరు విప్పడు.

పెన్ను దొంగ: రిపోర్టులు రాసే ఆయన. ఎవరి పెన్ను కనబడితే అది జేబులోకి పోతుంది, ఆయనకే తెలియకుండా. శుక్రవారం సాయంత్రం అందరూ వెళ్లాక వెనక్కి వచ్చి, జేబులన్నీ దులిపి, ఎవరి పెన్ను వాళ్ల బల్ల మీద పెట్టి వెళతాడు. ఒక్కటి కూడా తారుమారు కాదు.

సగం టీ పెద్ద, సగం టీ చిన్న: మీటర్లు విప్పి బిగించే మెకానిక్కులు. ఇద్దరూ ఒక టీ తెప్పించుకుని పంచుకుంటారు. పెద్దాయన తన కప్పులో ఎప్పుడూ కాస్త తక్కువ పోసుకుంటాడు. చిన్నాయన చివరి గుక్క మిగిల్చి, "నాకు చాలు, నువ్వు తాగెయ్" అంటాడు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఇద్దరికీ చెరో అర కప్పు.

కొత్తమ్మాయి: చేరి ఎనిమిదేళ్లయింది, నాకింకా కొత్తమ్మాయే. మీటర్లు కడిగే పని. లోపల ఇరుక్కుని వచ్చిన నత్తల్ని అగ్గిపెట్టెలో దాచి, ఇంటికి పోతూ కాలవగట్టున వదిలేస్తుంది. ఆ పిల్లకి ఒక నత్త.

మహారాజు: టీలూ ఫైళ్లూ అందించే పెద్దాయన. నడక చూస్తే రాజుగారు ఊరేగుతున్నట్టే ఉంటుంది. అది దర్జా కాదు, మోకాళ్ల నొప్పి. మూలుగు వినబడకుండా మెట్ల దగ్గర ఈల వేస్తాడు. ఆయనకి మెత్తటి దిండు ఉన్న పీట చెయ్యి. ఆయన అవస్థ చూడలేకే పొద్దున్న బల్లల మీద గ్లాసుల్లో మంచినీళ్లు పెట్టే పని నేను చేసేస్తున్నాను, ఎలాగూ అందరికన్నా ముందు వచ్చేది నేనే కదా. ఆయనే పెట్టాడనుకుంటారు అందరూ. ఆయన దగ్గి ఊరుకుంటాడు.

ఇక గండం: మా ఆఫీసరు. ఆయన గది తలుపు కిర్రుమంటే అందరి గుండెల్లో రాయి పడుతుంది. మమ్మల్నందరినీ కసిరే ఆ మనిషి మూడు గంటలకి వెనక మెట్ల మీద కూర్చుని ఒక ఒంటిచెవి పిల్లికి పాలు పోస్తాడు. దాన్ని "మీరు" అంటాడు! "మీరు నిదానంగా తాగండి, తొందరేం లేదు" అంటాడు. నా రికార్డు గది కిటికీ ఆ మెట్ల పక్కనే ఉంది. పిల్లికి ఎడమ చెవి ఉండకూడదు, మరిచిపోకు.

తమ్ముడికి ఆశీస్సులు.

నీ వదిన.


వెనక వరండా,
డిసెంబరు 20.

వదినా,

ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి పని కోసం, తర్వాత రెండుసార్లు ఊరికే. సగం టీల దగ్గర మీ తమ్ముడు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. పొగ అన్నాడు. పొయ్యి వెలిగిస్తే కదా పొగ రావడానికి.

నమూనాలు మొదలుపెట్టాను. నత్త మొదటి దెబ్బకే కుదిరింది. అతుకు మీద కుట్లు వంకరగా వేయడానికే నానా తంటాలు పడ్డాను, పదిహేనేళ్లుగా తిన్నగా వేయడం నేర్చుకున్న చెయ్యి మరి. పిల్లి సంగతి చెప్పక్కర్లేదు. చెవి ఒకటే పెట్టాలని నాకు గుర్తుంది గానీ నా వేళ్లకి గుర్తుండటం లేదు. ఇప్పటికి నాలుగు రెండుచెవుల పిల్లులు పుట్టాయి. అవన్నీ మీ తమ్ముడి పొట్టలో ఉన్నాయి.

ఆ తింటూ తింటూనే మనిషి వేళ్లు లెక్కపెట్టి, "ఫిబ్రవరితో అక్క ఉద్యోగం అయిపోతుంది కదే!" అన్నాడు. నిజమేనా? అంత పెద్ద సంగతి మాకు చెప్పకుండా ఎనిమిది కేకుల వెనక దాక్కుంటారా? మీకు మా తూర్పు గది ఉందని ఎన్నాళ్లనుంచి మొత్తుకుంటున్నాను! సరే, ఆ పోట్లాట ఎదురుపడ్డాక పెట్టుకుందాం. వీడ్కోలు సభ ఎన్ని గంటలకి? కేకులు మేమే తెస్తాం. నేను ముందు వరుసలో కూర్చుని అందరికన్నా గట్టిగా చప్పట్లు కొడతాను. పెట్టెల మీద పేర్లు రాయించాలా?

మీ మరదలు.


మేడ మీద గది,
జనవరి 10.

మరదలికి,

సభ లేదు. నేనే వద్దన్నాను. నువ్వు అడిగినందుకు కాదు గానీ, ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకూ ఊపిరాడేటట్టు లేదు, అందుకని రాస్తున్నాను.

రెండేళ్ల కింద మా సీలు వేసే ఆయన రిటైరయ్యాడు. సభ పెట్టారు. ఒక్కొక్కరూ లేచి రెండు ముక్కలు మాట్లాడాలి. మొదటివాళ్లు, "ఆయన గొడుగు ఎప్పుడూ మరిచిపోయేవారు కారు" అన్నారు. రెండోవాళ్లకీ ఏమీ తోచక గొడుగే అన్నారు. ఐదుగురు వరసగా ఆ గొడుగు గురించే మాట్లాడారు మరదలా! ఆయన గొడుగు చేత్తో పట్టుకుని తలొంచుకుని విన్నాడు. ముప్పై నాలుగేళ్లు పనిచేసిన మనిషికి ఒక గొడుగు మిగిలింది.

నాకు ఆయన గురించి ఎంత తెలుసో! మిగిలిన సీసం ముక్కలతో చిన్న చిన్న చేపలు పోసి మనవరాలికి పట్టుకెళ్లేవాడు. నా వంతు వచ్చింది. లేచి నిలబడ్డాను. నోరు పెగల్లేదు. కూర్చున్నాను. ఆ రోజు నా మీద నాకు కలిగిన కోపం ఇంకా చల్లారలేదు.

ఇక నా సభలో ఏం చెబుతారు? నాకు గొడుగు కూడా లేదు. ముప్పై ఒక్క ఏళ్లలో నేను వాళ్లతో మాట్లాడింది మొత్తం కలిపినా ఒక రిజిస్టరు పేజీ నిండదు. లేచి నిలబడి వాళ్లు పాపం నీళ్లు నములుతుంటే, అది చూస్తూ కూర్చునే ధైర్యం నాకు లేదు. అందుకని ఫిబ్రవరి 28 పొద్దున్నే ఎవరి బల్ల మీద వాళ్ల పెట్టె పెట్టి, తాళాలు అప్పగించి, తొమ్మిదిలోపల వచ్చేస్తాను. నేను చెప్పలేనివి నీ కేకులు చెబుతాయి. వాళ్లకి నేను తెలియకపోయినా ఫరవాలేదు, వాళ్లు నాకు తెలుసని వాళ్లకి తెలిస్తే చాలు.

పేర్లు తప్పకుండా రాయించు. తమ్ముడి చేతిరాత బాగుంటుంది, వాణ్నే రాయమను. ఏ పెట్టె ఎవరిదో పొరపాటు రాకూడదు.

నీ వదిన.


వెనక వరండా,
ఫిబ్రవరి 23.

వదినా,

మీ ఉత్తరానికి జవాబు మూడుసార్లు రాసి చింపేశాను. "అలా అనుకోకండి" అని రాయడం సులువే, మీరు అనుకోవడం మానరు కదా. నేను ఒప్పుకోవడం లేదని మాత్రం తెలుసుకోండి. ఎనిమిదిమందిని ఇంతగా చూసిన మనిషిని ఆ ఎనిమిదిమందిలో ఒక్కరూ చూడలేదంటే నేను నమ్మను. నమ్మకపోయినా మీ మాట జవదాటను. మీరు చెప్పినట్టే జరుగుతుంది.

కేకులు ఇరవై ఏడో తేదీన చేస్తాను. మీ తమ్ముడు మొదటి బస్సులో తెచ్చి, మీ చేతిలో పెట్టి, అదే బస్సులో తిరిగి వచ్చేస్తాడు. పెట్టెలు ఒళ్లో పెట్టుకుని కూర్చోమన్నాను. కునుకు తీస్తే ఇంటికి రావద్దన్నాను.

పేర్లు చూస్తే మీరు మురిసిపోతారు! మీ తమ్ముడు ఎక్కడినుంచో బంగారు రంగు సిరా సంపాదించాడు. ఒక్కొక్క పేరుకీ గంట పట్టింది. కింద తీగ కూడా గీశాడు. ఆ చీటీలు ఊడిపోకుండా గట్టి జిగురుతో అంటించాడు. గట్టిదంటే గట్టిదే, ఒకటి నా చేతికి అంటుకుంటే సబ్బు అరిగింది గానీ అది రాలేదు.

మీ మరదలు.


మేడ మీద గది,
మార్చి 4.

మరదలా,

నీకూ, నీ మొగుడికీ, ఆ బంగారు సిరాకీ ఒక దండం!

తమ్ముడు ఏడున్నరకి వచ్చి పెట్టెలు ఇచ్చి, "బస్సు పోతుందక్కా" అని పరుగెత్తాడు. ఆఫీసులో ఎవరూ లేరు. అట్టపెట్టె విప్పి మొదటిది పైకి తీశాను. మూత మీద ధగధగా మెరుస్తూ, కింద తీగతో సహా, "గండం" అని ఉంది.

రెండోది తీశాను. "పెన్ను దొంగ". నేను చెప్పిన పేర్లు అంటే వాళ్ల పేర్లు కదే! ఇవి నీకు రాసే ఉత్తరాల్లో తప్ప నేను ఎక్కడా పలికినవి కావు. అప్పుడు తట్టింది, అసలు పేర్లు నీకు ఏనాడూ రాస్తే కదా. నాకు నేనే తెచ్చుకున్న గండం.

అన్నిటికన్నా ముందు ఆఫీసరుగారిది పీకాలని చూశాను. ఆ జిగురు సంగతి నువ్వే రాశావు. ఆవిరి తగిలితే ఊడుతుందేమోనని మహారాజు టీ కెటిల్ పొయ్యి మీద పెట్టి, పెట్టె దాని మీద పట్టుకుని నిలబడ్డాను. ఒక మూల కొంచెం లేచింది. ప్రాణం లేచివచ్చినట్టయింది. అంతలో వెనకనుంచి, "ఏమిటమ్మా అది?" అని వినబడింది.

గండంగారే. నెలాఖరని పెందలాడే వచ్చాడట.

నా చేతిలోది తీసుకుని పైకి చదివాడు. "గండం. ఇది ఎవరికి?"

ఇంకొకరైతే ఏదో ఒక అబద్ధం ఆడి ఉందురు. అబద్ధం ఆడాలన్నా నాకు రెండు రోజులు ముందు చెప్పాలి. "మీకేనండీ" అన్నాను.

మూత తీశాడు. పిల్లిని చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఎడమ చెవి లేదు" అన్నాడు.

"లేదండీ."

"ఎన్నాళ్లుగా చూస్తున్నావు?"

"నాలుగేళ్లండీ."

"నేను దాంతో మాట్లాడేది కూడా..."

"వినబడుతుందండీ."

ఆయన మహారాజు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఇక అయిపోయింది, చివరి రోజున చీవాట్లు తిని పోతాను అనుకున్నాను. ఆయన భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు! కళ్ల వెంట నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. అప్పటికి ఒకరొకరే లోపలికి వస్తున్నారు, ఆఫీసరు నవ్వడం చూసి గుమ్మంలోనే ఆగిపోతున్నారు. ఆయన లేచి వీధి తలుపు వేసేసి, "ఈవిడ మనందరికీ పేర్లు పెట్టింది. ఎవరి పెట్టె వాళ్లు వెతుక్కోండి. నాది దొరికింది" అని అందరికీ "గండం" ఎత్తి చూపించాడు.

పెన్ను దొంగ పెట్టె మీద ఒకేసారి ముగ్గురి చేతులు పడ్డాయి. ఎవరికి వాళ్లే తమదేననుకున్నారు. స్వెట్టర్ జేబులోంచి రెండు, ఉరుము చేతిసంచీలోంచి ఐదు పరాయి పెన్నులు బయటపడ్డాయి. అసలాయన మూత తీసి, శుక్రవారం పెన్నులు వరసగా పేర్చి ఉండటం చూసి, నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. మూతలు తీశాక ఇక ఎవరికీ పేర్లతో పని లేకపోయింది. "ఎనిమిదేళ్లండీ! ఎనిమిదేళ్లయినా నేను కొత్తమ్మాయినేనా?" అని ఆ పిల్ల నవ్వుతూనే ఏడ్చేసింది. సగం టీలిద్దరూ, "నువ్వు తక్కువ పోసుకుంటున్నావా ఇన్నేళ్లూ?" "నువ్వు మిగులుస్తున్నావా, దొంగా!" అని పోట్లాటకి దిగారు.

స్వెట్టర్ మాత్రం ఆ అతుకు మీద వేలు పెట్టి నిలబడిపోయాడు. "ఇది మా అమ్మాయి కుట్టిందని మీకెవరు చెప్పారు?"

"కుట్లు చూస్తే తెలిసిందండీ."

"ఇప్పుడది డాక్టరండీ. మనుషులకే కుట్లు వేస్తోంది. ఇలాగే వేస్తోందో ఏమో!" అన్నాడు. అందరూ కడుపు చెక్కలయ్యేలా నవ్వారు. నేను కూడా.

"ఇన్ని చూసిన మనిషివి, ఇవాళ మాట్లాడితే గానీ తలుపు తీయను" అన్నాడు ఆఫీసరు. నిలబెట్టారు. ఏం మాట్లాడానో తెలుసా? నా గురించి కాదు. సీలు వేసే ఆయన గురించి, ఆయన పోసిన సీసపు చేపల గురించి. రెండేళ్లుగా గొంతులో ఉన్నదంతా పావుగంటలో చెప్పేశాను. నా గొంతు అంత సేపు వినడం నాకే కొత్త. సభ వద్దన్నదాన్ని, నా సభలో నేనే మాట్లాడాను!

ఇదంతా బాగానే ఉంది. తర్వాత ఉరుము నోరు జారింది. "మేమూ ఈవిడకి ఒక పేరు పెట్టుకున్నాం కదా..." అని టక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏమిటని అడిగాను. ఆఫీసరు, "ఇప్పుడు చెప్పం. పద్ధతి ప్రకారం పెట్టె మీద రాసే చెబుతాం" అన్నాడు.

అప్పటినుంచి నాకు ముద్ద దిగడం లేదు. ఏం పేరు పెట్టి ఉంటారు? నోరు మెదపకుండా కాగితాలు దాచుకుని కూర్చునేదాన్ని కదా, "బీరువా" అయ్యుంటుంది. తప్పకుండా బీరువాయే. పెట్టినవాళ్లకి పెట్టించుకోవడం కూడా రావాలనుకో. కానీ మరదలా, బీరువా అంటే మాత్రం నాకు కష్టంగా ఉంటుంది.

నీ వదిన.


వెనక వరండా,
మార్చి 15.

వదినా, వదినా, వదినా!

తప్పు నాదే, చెంపలేసుకుంటున్నాను. మీ ఆఫీసులో ఒకర్నొకరు అలాగే పిలుచుకుంటారనుకున్నాం! "ఆఫీసరునే మొహం మీద గండం అని పిలవనిస్తారట, ఎంత మంచి ఆఫీసో" అని మీ తమ్ముడు ఇన్నేళ్లుగా కుళ్లుకుంటున్నాడు. మీ ఉత్తరం చదివాక ఇద్దరం వరండాలో కూలబడి నవ్వాం. ఆవిరి దగ్గరికి వచ్చేసరికి నాకు దగ్గు పట్టుకుని ఆయన వీపు చరచాల్సి వచ్చింది.

తూర్పు గదికి రంగు వేశాం. మీ బల్లకి కిటికీ పక్క చోటు ఉంచాను. ఏప్రిల్‌కి అక్కడి గది ఖాళీ చేసి వచ్చెయ్యమని మీ తమ్ముడు ఫోనులో అడిగితే "సరే" అన్నారు కదా, అంతకన్నా ఒక్క రోజు ఆలస్యమైనా నేనే వచ్చి మూట కట్టి తెచ్చుకుంటాను.

ఇంకొక కబురు. పోయిన వారం నాకు పోస్టులో ఒక ఆర్డరు వచ్చింది. ఒకే ఒక్క కేకు, పిడికిలంతది. కవరులో ఎనిమిది చీటీలున్నాయి. నా ప్రశ్న ఎలా తెలిసిందో మరి, మీరు మాట్లాడిన పావుగంటలో చెప్పే ఉంటారు. ఒకరిది ఒకరు చూడకుండా రాశారట. ఒక కేకుకి ఒకే సంగతి అని నా పద్ధతి కదా, ఎనిమిది సంగతులు వస్తే ఏం చేయాలిరా దేవుడా అని ఒక్కొక్కటే విప్పాను. ఎనిమిదింటిలోనూ ఒకే సంగతి ఉంది వదినా. మాటలు వేరు, సంగతి ఒక్కటే. ఎనిమిదో చీటీ విప్పేసరికి నాకు అక్షరాలు కనబడలేదు. ఈసారి పొయ్యి వెలిగే ఉంది, కాబట్టి పొగే అనుకోండి.

ఏమిటో చెప్పను. బీరువా అవునా కాదా అనీ అడక్కండి. మీరు నవంబరులో "ఎందుకని అడక్కు" అన్నారు చూడండి, దానికి బాకీ తీర్చుకుంటున్నాను.

మీ మరదలు.


మేడ మీద గది (ఇంక నాలుగు రోజులే),
ఏప్రిల్ 7.

నా బంగారు మరదలికి,

ఆదివారం మధ్యాహ్నం పాత రిజిస్టర్ల అట్టలతో పుస్తకాలు కట్టుకుంటుంటే తలుపు కొట్టారు. ఈ గది తలుపు పాలవాడు తప్ప ఎవరూ కొట్టరు. "ఎవరు?" అన్నాను.

"ఉరుము!" మేడంతా దద్దరిల్లింది.

"స్వెట్టర్ అండీ."

"సగం టీ!" "ఇంకో సగం!"

"పెన్ను దొంగ."

"ఇంకా కొత్తమ్మాయినే."

"మహారాజు" అని ఆయాసపడుతూ ఒక గొంతు. చివరికి ఎవరో గొంతు సవరించుకుని నెమ్మదిగా, "గండం" అన్నారు.

తలుపు తీశాను. ఉన్నది ఒక కుర్చీ, ఒక మంచం. కుర్చీ మహారాజుకి ఇచ్చాం, మూడు అంతస్తులు ఈల వేసుకుంటూ ఎక్కివచ్చాడు పాపం. మిగతావాళ్లు మంచం మీదా మూటల మీదా సర్దుకున్నారు. పెట్టె నా ఒళ్లో పెట్టారు. మూత మీద కాగితం అతికించి పేరు దాచేశారు. బీరువా అని ఉన్నా నవ్వి తీరాలని ఒట్టు పెట్టుకుని కాగితం లాగాను.

పేరు నీకు తెలుసు, తమ్ముడే కదా రాశాడు. నేను రెండుసార్లు చదివాను. మూత తీస్తే, అవతలివైపు కనబడేంత తేటగా, పాకంతో చేసిన చిన్న గ్లాసు, నిండా నీళ్లు. అది ఎలా చేశావో వచ్చాక నాకు చూపించాలి.

"అందరూ మహారాజు పెడుతున్నాడనుకుంటున్నారు కదా!" అన్నాను, ఇంకేమీ తోచక.

"మొదటి నెల అందరూ నన్ను మెచ్చుకుంటుంటే దగ్గి ఊరుకున్నానమ్మా" అన్నాడు మహారాజు. "రెండో నెల ఉండబట్టలేక చెప్పేశాను."

"ఎప్పుడు?"

"పదకొండేళ్లయింది."

పదకొండేళ్లుగా తెలుసట వాళ్లకి! తర్వాత చేరిన కొత్తమ్మాయికి కూడా చెప్పేశారట. తెలిసీ ఒక్కరూ నాతో అనలేదు. ఎందుకని అడిగితే ఉరుము, ఆ మెత్తటి గొంతుతో, "చెబితే సిగ్గుపడి మానేస్తారేమోనని" అంది. రోజూ పొద్దున వచ్చి ఆ గ్లాసు తాగాకే పనికి కూర్చునేవాళ్లట. నేను రికార్డు గదిలో తల వంచుకుని ఉండేదాన్ని, నాకేం తెలుసు?

"మార్చి ఒకటిన వచ్చేసరికి బల్ల మీద గ్లాసు ఖాళీగా ఉంది" అన్నాడు ఆఫీసరు. "మధ్యాహ్నానికి వంతులు వేసుకున్నాం. సోమవారం నాది."

మా ఆఫీసరు! సోమవారం పొద్దున్నే వచ్చి ఎనిమిది గ్లాసులు కడిగి నింపుతున్నాడట. మొదటివారం సగం నీళ్లు ఫైళ్ల మీదే పోశాడని కొత్తమ్మాయి చెవిలో చెప్పింది.

నేను ఏడ్చాను. దాచడం ఎందుకు? నా గురించి చెప్పడానికి ఎవరికీ ఒక్క మాట దొరకదని భయపడ్డాను కదా. నిజంగానే ఒక్కటే దొరికింది, ఎనిమిదిమందికీ అదే.

తర్వాత ఆ పిడికిలంత కేకుని తొమ్మిది ముక్కలు చేయడానికి మెకానిక్కులిద్దరూ కొలబద్ద అడిగారు. గదిలో ఉన్నవి రెండే గ్లాసులు. నేను కూజా పట్టుకుని ఒకరి తర్వాత ఒకరికి పోస్తూ నిలబడ్డాను. వాళ్లు తాగుతుంటే, నా ఎదురుగా తాగడం ఇదే మొదటిసారి కదా అని తోచింది.

పదకొండో తేదీ మధ్యాహ్నం బస్సుకి వస్తున్నాను. తమ్ముణ్ని స్టాండుకి రమ్మను, మూటలు ఎక్కువే ఉన్నాయి. ఇద్దరు సగం టీలూ ఇక్కడ బస్సెక్కిస్తామన్నారు. వచ్చాక నీ వరండాలో ఉచితంగా కూర్చుని తినను, పెట్టెల మీద పేర్లు ఇకనుంచి నేను సరిచూస్తాను. తమ్ముడు మళ్లీ ఫోను చేశాడు. ఈసారి ఇరవై నిమిషాలు మాట్లాడానట, వాడే గడియారం చూసి చెప్పాడు.

ఇట్లు,
మంచినీళ్లు.